తొమ్మిది అంకెలు

గుంతకల్లు స్టేషన్ బయట, మా అంగడి రేకుల కింద
పొద్దుటి ఎండ ఇంకా దిగలేదు.
పాతసామాన్ల దాదాపీర్ దగ్గర మూడొందల యాభైకి తెచ్చిన
అరచేతికి కొంచెం పెద్ద కంప్యూటరు,
కీలు ఒకవైపు వదులు, తెర మూలన గోటి గీత.
మునుపటివాళ్ల కిటికీలు తుడిచేసి
లినక్స్ ఎక్కించినాను.
లేచింది.
లేచి, నన్ను చూస్తా కూర్చుంది.
తాకితే పలకదు, పాట పెడితే పాడదు,
వైఫై ఊసే ఎత్తదు.

ముప్పై నాలుగేండ్లు గూడ్సు నడిపి దిగిన సుంకన్న
టీ గ్లాసుతో వచ్చి స్టూలు లాక్కున్నాడు.
"ఏందిప్పా, ఇంకా కట్టెయ్యలేదు?"
"డ్రైవర్లు లేవన్నా."
"లేవేంది? లేరు అనల్ల గదా!"
గ్లాసులో టీ ఒలికేటట్టు నవ్వినాడు.

నేను నవ్వలేదు. అప్పటికి రెండు రాత్రులైంది.

లోపల ఎవరెవరున్నారని యంత్రాన్నే అడిగితే
హాజరు పిలిచినట్టు వరుసగా చదివింది.
కెమెరా ఉంది. కీబోర్డు ఉంది.
తెర దగ్గరికొచ్చేసరికి
పేరు రాయించని పిల్లోడి మాదిరి
ఒట్టి నంబరు.

ఆ నంబరు పట్టుకొని వెతికితే
ఎక్కడో ఎవరో, ఎప్పుడో
ఇదే తెరతో వేగి, రాసి పెట్టిన కోడు దొరికింది.
కట్టబోతే కట్టుకోలేదు.
కర్నెల్ ఒకటి, హెడర్లు ఇంకొకటి,
జాతరలో మారిపోయిన చెప్పుల జోడు.
సరైన జత దించుకునేలోగా కరెంటు పోయింది.
బ్యాటరీ పదకొండు శాతం.
దాదాపీర్ అబద్ధం చెప్పలేదు, "కొంచెం నిలబడతాది" అన్నాడు అంతే.

చీకట్లో సుంకన్న గొంతు:
"కొత్త లైను మీద బండి ఊరికే ఇయ్యరు.
డోన్ దిక్కు మొదటిసారి పోయినప్పుడు
మూడు ట్రిప్పులు పక్కన నిలబడి చూసినా.
యాడ ఎత్తు, యాడ వంపు,
యా సిగ్నలు గుట్ట చాటున దాక్కుంటాది.
దారి నేర్చినట్టు సంతకం పెట్టినంకనే హ్యాండిలు ముట్టనిచ్చిరి.
మీవాళ్లకు అదేమన్నా ఉందా?"

"అదేనన్నా" అన్నాను,
"వీళ్ల పనంతా అదే."

కరెంటొచ్చింది. ఇంకొకసారి కట్టినాను.
వరుసలు పారినాయి, పారినాయి, ఆగినాయి.
తప్పు అన్న మాట లేదు.
గోటితో పైకి గీస్తే
బాణం గుర్తు కుడికి పోయింది.
కుడికి గీస్తే కిందికి.
వినపడుతుంది దీనికి, దిక్కులే తెలీవు.

దిక్కులు నేర్పడానికి తొమ్మిది అంకెలు గావాల.
నా ఫోన్ ఆయన చేతికిచ్చినాను.
కండ్లద్దాలు ముక్కు మీదికి దించి
సుంకన్న స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.
"సున్నా."
కొట్టి ఊరుకున్నాను.
"తిరిగి చెప్పుప్పా. ఇద్దరి నోటా రాకపోతే
అది సిగ్నలే కాదు."

సున్నా.
"మైనస్ ఒకటి."
మైనస్ ఒకటి.
"ఒకటి."
ఒకటి.
బయట ఆటోవాళ్లు తొంగి చూసిపోయినారు.
తొమ్మిదోది చెప్పి
ఆయన ఊపిరి వదిలినాడు.

"వేలు పెట్టన్నా."
"నాదా?"
బ్రేకు పట్టి పట్టి మొద్దుబారిన బొటనవేలు
చల్లారిందో లేదో చూసే పెనం మీదకు దించినట్టు
దించినాడు.
తీసినాడు.
సరిగ్గా ఆ కిందనే చుక్క.

ఇంకోటి పెట్టినాడు, ఇంకోటి,
తెరంతా చుక్కలు చేసి
తువ్వాలుతో తుడవబోయి ఆగినాడు.

అప్పుడే యార్డు దిక్కు నుంచి బండి కదిలింది.
రేకులు అదిరినాయి, స్క్రూలడబ్బా గలగలలాడింది.
తల తిప్పకుండానే "ఖాళీ వ్యాగన్లు" అన్నాడు.
బండంతా పోయేదాకా ఇంక మాట్లాడలేదు.

గ్లాసు తీసుకొని లేస్తా
"ఇంకెంతమంది రావల్ల?" అని అడిగినాడు.
సౌండుకు ఒకటి, వైఫైకి ఒకటి.
వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పినాను:

"ఇద్దరన్నా."